పడవకు ఇరవై మంది

కొంట దగ్గర శబరి దాటాలంటే పొజ్జా పడవే గతి. అతను పన్నెండు మందికి మించి ఎక్కించుకోడు. అదైనా లెక్కపెట్టి కాదు. జనం ఎక్కాక అతని భార్య కోసి మోకాలి లోతు నీళ్లలో దిగి, నీటికీ పడవ అంచుకూ మధ్య జాన పెట్టి చూస్తుంది. జాన పడితే తలూపుతుంది. పట్టకపోతే బరువు తగ్గించాలి. ఎప్పుడూ దిగేవి నా ఉప్పు బస్తాలే.

పాతికేళ్లుగా వ్యాపారం చేస్తున్నవాణ్ణి, ఒక మనిషి అరచెయ్యి చూసి ఆగాలా అని నాకు ఒళ్లు మండేది. ఎంతమందిని ఎక్కించాలో సర్కారే కొలత పెట్టాలని జగదల్‌పూర్‌లోని సంస్థానం కచేరీకి మూడు అర్జీలు పెట్టాను.

సంస్థానం వారు కరుణించారు. శ్రావణంలో ఒక ఆఫీసరు వచ్చి, పడవను టేపుతో కొలిచి, పుస్తకం తిరగేసి, పడవ ఇంతదాకా మునగొచ్చని అంచుకు నాలుగు వేళ్ల కింద తెల్ల గీత గీయించాడు. రేవులో బోర్డు పాతించాడు: "ప్రయాణికుల క్షేమార్థం, ఇరవై మంది." ఆ పుస్తకం సముద్రం మీద తిరిగే ఇనుప ఓడలదని తర్వాత తెలిసింది. ఇరవైకి మించరాదని బోర్డు అర్థం. ఇరవై మందిని ఎక్కించి తీరాలని రాయించిన ఆఫీసరుతో సహా మేమంతా చదువుకున్నాం, ముఖ్యంగా నేను.

మర్నాడు పొద్దున నా భార్య సుశీలమ్మ తన చెల్లెలి కాన్పుకు అవతలి ఒడ్డుకు బయల్దేరింది. ఏరు నిండుగా ఉంది. పడవలో అప్పటికే పంతొమ్మిది మంది. నేనే చెయ్యి పట్టి ఆమెను ఎక్కించాను.

కోసి జాన పెట్టింది. బొటనవేలు మునిగిపోయింది.

"పట్టలే," అంది.

"ఏందమ్మా కోసీ, బోర్డు కనపడ్తలేదా? సర్కారు కన్నా నీ చెయ్యి పెద్దదా?" అన్నాను.

"బీస్ ఆద్మీ! నహీ తో పట్టా రద్దు," అన్నాడు రేవులోనే ఉన్న ఆఫీసరు పొజ్జాతో. ఇరవై మంది ఎక్కకపోతే పడవ నడిపే పట్టా తీసేస్తాడట.

పొజ్జా గెడను ఒడ్డున గుచ్చాడు. "సరే సాబ్. నువ్వు గూడ ఇయ్యాల అవతలికి పోవాలె గద. సుశీలమ్మ దిగుతది, ఇరవయ్యో మనిషివి నువ్వు కూసో. తీస్త."

ఆఫీసరు ఏటిని చూశాడు. గీతను చూశాడు. తాను పరీక్షించే అధికారినే తప్ప ప్రయాణికుణ్ణి కాదని చెప్పాడు.

గీత గీయించినవాడే ఎక్కనన్నాక నేను పడవ అంచు పట్టుకున్నాను.

"సుశీలా, దిగు!"

"మా చెల్లెలు నొప్పులు పడ్తుంటే ఎట్ల దిగేది? ఇరవై అని రాసుంది గద," అంది ఆమె, కదలకుండా.

చేతులు జోడించి ఒక్కొక్కరినే నేనే బతిమాలి దించాను. ఎనిమిదో మనిషి దిగాక కోసి తలూపింది. పడవ అవతలి ఒడ్డు తాకేదాకా నీళ్లలో కోసి పక్కనే నిలబడ్డాను.

ఆ సాయంత్రం నాలుగో అర్జీ రాశాను. కొంట రేవుకు కోసి జానే కొలతగా ఖాయం చెయ్యాలని కోరి, కాగితం మీద ఆమె చెయ్యి పెట్టించి, చుట్టూ గీత గీసి జతచేశాను.

జవాబు రాలేదు. పట్టా రద్దు కాగితమూ రాలేదు. కోసి ఇంకా జాన పెడుతూనే ఉంది. దిగేవి ఇప్పటికీ నా ఉప్పు బస్తాలే. కాకపోతే ఆమె నోరు తెరవకముందే నేనే దించుతున్నాను.