లకుముకి వెనకాల పసుపు

కనకరాజు నాచారంలో గొట్టాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం చూస్తాడు. గొట్టంలో వెంట్రుకంత పగులున్నా ఆయన కన్ను దాటిపోదని పేరు. భీమవరం నుంచి వచ్చి పాతికేళ్లయింది. పోయినేడు ఆరువందల ఎంఎం లెన్సు కొన్నప్పటినుంచి, పొద్దున్నే ఇంటి దగ్గరి పటేల్ కుంట గట్టున కూర్చుని పిట్టల్ని ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు.

"ఇంట్లోవాళ్ల మొహాలు చూడ్డానికి అంత లెన్సు అక్కర్లేదు. అందుకే చూడరు" అనేది భార్య శ్యామలాదేవి.

డిసెంబరులో ఒక ఉదయం నలుపు తెలుపు లకుముకి ఒకటి చేపను కరుచుకుని ఎండుకొమ్మ మీద వాలింది. కనకరాజు ఊపిరి బిగబట్టి వరసగా ఇరవై ఫోటోలు తీశాడు. పిట్ట ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. వెనకంతా బంగారు మబ్బులా పసుపు. ఆ లెన్సు గుణమే అంత. పిట్టను పట్టుకుని, వెనక ఉన్నదాన్ని కరిగించేస్తుంది.

పక్షి ఫోటోల వాట్సాప్ గ్రూపు ఆ పసుపు చూసి మురిసిపోయింది. "ఆ వెలుగు ఎలా పట్టారండీ?" అని సైనిక్‌పురి నుంచి ఒక రిటైర్డ్ కల్నల్ అడిగాడు. "ఓపిక కావాలండి" అని కనకరాజు రాశాడు.

కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడు కరుణాకర్ ఇంటికొచ్చి శాలువా కప్పాడు. ఆయన ఈ ఊరివాడే. తాతల నాటి పొలాలు ప్లాట్లయ్యాక, ప్లాట్లే ఆయన వ్యవసాయమయ్యాయి. లకుముకి ఫోటో సంఘం క్యాలెండర్‌కెక్కింది. కింద 'మన చెరువు – మన బాధ్యత' అని అచ్చువేయించారు.

కుంట ఒడ్డున బర్రెలు పెంచుకుంటూ కాలనీకి పాలు పోసే మైసమ్మ, జనవరిలో ఒకరోజు గుమ్మం పక్కన వేలాడుతున్న ఆ క్యాలెండర్ ముందు ఆగింది.

"పిట్ట మంచిగొచ్చింది సారూ. ఎన్క జేసీబీ గూడ మంచిగొచ్చింది."

"జేసీబీ ఏంటమ్మా? అది ఉదయపు ఎండ."

"పొద్దుగాల ఎండ పడమటి దిక్కు కెల్లి ఎట్లొస్తది? మూన్నెల్ల సంది ఆడ మట్టి పోస్తున్నరు. నా బర్లు నీళ్లల్లకు దిగే తొవ్వ బందయింది. నువ్వు రోజూ ఆడనే కూసుంటివి గద, సూస్తున్నవనే అనుకున్న."

కనకరాజు ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని మూడు నెలల ఫోటోలూ తిరగేశాడు. కొంగ వెనక పసుపు. నీటికోడి వెనక ఎర్రటి మసక. అది మట్టి టిప్పరై ఉండాలి. కుంటలో మూడోవంతు పూడిపోతుంటే ఆయన దానికి అందమైన రంగులు పట్టుకుంటూ కూర్చున్నాడు. అయితే ఏ ఫోటోలోనూ అది జేసీబీ అని రుజువు లేదు. ఫోకస్ తప్పినవాటిని ఆయన ఎప్పటికప్పుడు చెరిపేస్తాడు.

చెరిపేసినవాటిలో వెతికితే ఒకటి మిగిలి ఉంది. అందులో లకుముకి బూడిదరంగు మరకలా ఉంది. వెనక జేసీబీ నంబరుతో సహా స్పష్టంగా ఉంది. దాని పక్కన నిలబడి చెయ్యి చాచి మట్టి ఎక్కడ పోయాలో చూపిస్తున్నవాడు కరుణాకర్.

రెండు రోజుల తర్వాత ఆ ఫోటో ప్రింటు తీయించి, ఫిర్యాదు కాగితానికి జతచేశాడు.

"శాలువా కప్పినాయన మీదే ఫిర్యాదు చేస్తారా?" అంది శ్యామలాదేవి.

"శాలువా ఫోటో బాగుందని కప్పాడు కదా. ఇదీ బాగానే వచ్చింది."

మైసమ్మను వెంటబెట్టుకుని వెళ్లి చెరువుల సంగతి చూసే అధికారికి ఫోటో ఇచ్చాడు. వారంలో పని ఆగింది. పోసిన మట్టి తీసేయాలని కాగితం వచ్చింది. వీధిలో ఎదురైన కరుణాకర్ నవ్వుతూనే పలకరించాడు. "రాజన్నా, మస్తు తీసినవ్. గింత మంచిగ నన్నెవ్వరు తియ్యలె."

మట్టి ఎత్తే లారీలు మాత్రం రేపు, ఎల్లుండి అంటూ మార్చి దాకా రాలేదు. ఆలోగా ఎండకు గట్టిపడిన ఆ మట్టిదిబ్బ పక్కల్లో, తేనెటీగల్ని పట్టి తినే చిన్న పచ్చపిట్టలు బొరియలు తవ్వి గూళ్లు పెట్టుకున్నాయి. మొదట చూసింది కనకరాజే. తూనీగను నోట పట్టుకుని బొరియ ముందు వాలిన పిట్టను చూశాక ఆయన చెయ్యి ఆగలేదు. ఫోటో గ్రూపులో పెట్టాడు. మూడో రోజుకల్లా దిబ్బ చుట్టూ పదకొండు లెన్సులు చేరాయి.

నాలుగో రోజు కరుణాకర్ సంఘం తరఫున అర్జీ ఇచ్చాడు. మట్టి తీస్తే పిట్టపిల్లలు చచ్చిపోతాయని, మూగజీవాల ఉసురు కాలనీకి తగులుతుందని రాశాడు. ఏడు ఫోటోలు జతచేసి, కింద 'ఛాయాచిత్రాలు: శ్రీ కనకరాజు గారు' అని మర్యాదగా పేరు కూడా వేశాడు.

అధికారి పిలిపించాడు. "ఇవి మీరు తీసినవేనా?"

"నేను తీసినవేనండి."

"గూళ్లలో పిల్లలున్నాయా?"

"ఉన్నాయండి."

పిల్లలు ఎగిరేదాకా మట్టి కదిలించొద్దని ఆదేశం వచ్చింది. జూన్‌లో పిల్లలు ఎగిరిపోయాయి. వెంటనే వానలు పడ్డాయి, దిబ్బ మీద గడ్డి మొలిచింది. సంఘం దాని చుట్టూ కంచె వేసి 'పక్షుల సంరక్షణ ప్రాంతం' అని బోర్డు పెట్టింది. మట్టి తీసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"నేనే చెడగొట్టాను మైసమ్మా" అన్నాడు కనకరాజు పాలు పోయించుకుంటూ.

"పిట్టలకేమెర్క, మట్టి ఎవడు పోసిండో. నువ్వు ఫికర్ జేయకు. నా బర్లకు జర తొవ్వ ఇప్పియ్యి, సాలు."

కంచెలో బర్రెలకు దారి కావాలని కనకరాజు ఇంకో అర్జీ రాశాడు. దానికి ఫోటో జతచేయాలన్నారు. కంచె పక్కనున్న ఇరుకు సందులో ఎంత వెనక్కి జరిగినా ఆయన లెన్సులో బర్రె చెవి ఒక్కటే పట్టింది. చివరికి మైసమ్మ ఫోన్‌తోనే తీశాడు.

ఆగస్టులో కంచెకు నాలుగడుగుల గేటు పెట్టారు. రిబ్బను కత్తిరించి, జీవకారుణ్యం గురించి మాట్లాడింది కరుణాకరే. ప్రసంగం అయ్యేదాకా బర్రెలు ఆగలేదు.