తూర్పు కమ్మీ

నలభై రెండో మెట్టు మీద ఐలేశం ఆగాడు. ఇంకా నాలుగున్నాయి. ఎప్పుడు ఎక్కినా అక్కడే ఆగుతాడు. మొదట్లో బీడీ కోసం, తర్వాత మోకాళ్ల కోసం. ఎడమచేతిలో టిఫిన్ డబ్బా, భుజానికి ఖాళీ సంచి, మెడలో ఈల. ఊపిరి అందాక మిగతా నాలుగూ ఎక్కి, రాత్రి కాపలా వార్డరు దగ్గర రిజిస్టరు తీసుకుని సంతకం పెట్టాడు. ఆరు దాటి ఐదు నిమిషాలైంది.

ఆ రోజు ఫిబ్రవరి ఆఖరి తారీఖు. మధ్యాహ్నం రెండింటికి టవర్ దిగితే ఉద్యోగం కూడా దిగినట్టే.

జిల్లా జైలుకు ఆగ్నేయం మూలన ఉంది ఆ టవర్. పడమర దిక్కున జైలు ఆవరణ, బట్టలుతికే బండ, వంటశాల, మూడు బ్యారక్‌లు. తూర్పున గోడ బయట గోవిందమ్మ వరిపొలం. ఐలేశం వార్డరై ముప్పై నాలుగేళ్లు. అందులో చివరి పదకొండేళ్లు టవర్ మీదే. కింద డ్యూటీ ఇస్తామన్నా పోలేదు. పొద్దున బ్యారక్‌లు తెరిచి ఖైదీలను ఆవరణలోకి వదిలినప్పుడు పైనుంచి జంటలు జంటలుగా లెక్కపెడతాడు. చిన్నప్పుడు గొర్రెల మందను అలాగే లెక్కపెట్టేవాడు. ఆ రోజు యాభై ఏడు జంటలు. కింద హెడ్ వార్డరు నాగేందర్ చేతిలో ఉన్న కాగితంలోనూ నూట పద్నాలుగే.

టవర్ మీది మనిషికి కిందికి చూడటమే పని. నాలుగేళ్ల క్రితం గోడకు ఎర్ర బోర్డు పెట్టారు. జైలు మీద డ్రోన్లు ఎగరేయడం నిషేధం, ఎగరేస్తే కేసు, డ్రోను జప్తు. సెల్‌ఫోనో, గంజాయో పైనుంచి జారవిడుస్తారని భయం. అప్పటినుంచి ఐలేశం పైకి కూడా చూడాల్సి వచ్చింది. దానికో రిజిస్టరు ఇచ్చి, ఎగిరే ప్రతి వస్తువునూ టైముతో, దిక్కుతో రాయమన్నారు. ఐలేశం రాశాడు. 'ఉదయం 7.20, గద్ద ఒకటి, తూర్పు నుంచి.' 'ఉదయం 7.45, కొంగలు పదకొండు, చెరువు వైపు.' నెలాఖరుకు సూపరింటెండెంట్ మంజులత అరవై రెండు పేజీలు తిరగేసి, నవ్వు ఆపుకుని, కింద ఎర్రసిరాతో 'పక్షులు మినహా' అని రాసింది. జీతాల రోజున నాగేందర్ ఆ పేజీలు అందరికీ చదివి వినిపించాడు. ఐలేశం కూడా నవ్వాడు. అయినా గద్ద కనిపిస్తే ఇప్పటికీ టైము చూసుకుంటాడు.

గోవిందమ్మ పొలానికి మందు కొట్టేది శైలజ. డ్రోను ఆమె మహిళా సంఘానిది. పది మంది ఆడవాళ్లు దాని మీదే బతుకుతున్నారు. నడిపే లైసెన్సు శైలజ ఒక్కదానికే ఉంది. జైలు పక్కన కాబట్టి కలెక్టరేటు నుంచి కాగితం తెచ్చుకుంది. గోడ నుంచి మూడో ఒడ్డు, అంటే మూడో పొలం గట్టు, దాటి ఇటు రాకూడదు, గాలి ఎక్కువగా ఉంటే ఎగరేయకూడదు.

గాలి సంగతి గొంగడి చెప్పేది. ఐలేశం తండ్రిది, గొర్రెబొచ్చుతో నేసిన బరువైన గొంగడి అది. చలికాలం కప్పుకోవడానికి టవర్ మీదికి తెచ్చి, తూర్పు వైపు అడ్డంగా ఉన్న ఇనుప కమ్మీ మీద వేసి ఉంచేవాడు. రెండేళ్ల క్రితం శైలజ గేటు దగ్గర కాగితం నకలు ఇస్తూ, "పెద్దబాపూ, నీ గొంగడి కదిలిందంటే నేను డ్రోను దించుకుంట," అంది. "మా ఇంట్ల గూడ గొర్లే. గొంగడి కదిలే గాలి అంటే మామూలు గాలి గాదు."

ఆ రోజు నుంచి ఎండాకాలంలోనూ గొంగడి కమ్మీ మీదే ఉంది.

ఇవాళ పొద్దున సైదమ్మ డబ్బా కడుతూ, "గొంగడి తెచ్చుకో. ఏండ్ల సంది ఆడ్నే పడేసినవ్. మీ నాయినది గది ఒక్కటే మిగిలింది," అంది. పెళ్లాం మాట మరిచిపోతానేమోనని ఐలేశం టవర్ ఎక్కగానే గొంగడి తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టాడు.

ఎనిమిదింపావుకు శైలజ డ్రోను లేపింది. తలెత్తి టవర్ వైపు చూసింది. కమ్మీ మీద ఏమీ లేదు. పని మొదలుపెట్టింది. ఎనిమిదిన్నరకు పైన గాలి లేచింది, కింద పొలంలో తెలియలేదు. గాలికి ఎదురు కొట్టి కొట్టి బ్యాటరీ అయిపోవచ్చింది. అలా అయినప్పుడు డ్రోను ఎవరి మాటా వినదు. తనంతట తాను నిటారుగా వందడుగులు లేచి, బయలుదేరిన చోటికి పోయి దిగుతుంది. మూడో ఒడ్డుకు అవతల అది అలాగే లేచింది. దాని నీడ మాత్రం బట్టలుతికే బండ మీదుగా పాకి వంటశాల గోడ ఎక్కింది.

నాగేందర్ ఆ నీడను చూశాడు. గంట కొట్టాడు. ఖైదీలు చాయ్ గ్లాసులు వదిలేసి బ్యారక్‌ల్లోకి పోయారు. లోపలినుంచి ఎవరో అరిచారు: "ఐలేశన్నా, బిర్యానీ ఏమన్న పడ్డదా?"

పావుగంటలో ఇద్దరు కానిస్టేబుళ్లు బండి మీద వచ్చి పొలం ఒడ్డున నిలబడ్డారు. డ్రోను వాళ్ల కాళ్ల దగ్గర ఉంది. శైలజ చేతిలో రిమోట్ ఉంది. ఆమె కాగితం చూపిస్తోంది. వాళ్లు జైలు వైపు చూపిస్తున్నారు.

నాగేందర్ టవర్ ఎక్కి వచ్చాడు. "రాయన్నా. గోడ దాటింది, ఎనిమిది నలభై."

"దాటలే."

"నేను చూసిన గదనే! బండ మీదికెంచి పోయింది."

"బండ మీద పోయింది నీడ."

నాగేందర్ గొంతు తగ్గించాడు. "ఇయ్యాల నీది ఆఖరి పూట. రేపు ఎంక్వైరీల నీ మాట తప్పని తేలితే పింఛన్ కాయిదాలు ఆగుతయ్. రాస్తే మనకేం పోతది? జర సోంచాయించు."

ఐలేశం సంచి వైపు చూశాడు. గొంగడి కమ్మీ మీద ఉంటే ఎనిమిదిన్నరకే కదిలేది. ఆ పిల్ల అప్పుడే దించుకునేది.

"మేడంను పైకి రమ్మను," అన్నాడు.

మంజులత నలభై ఆరు మెట్లూ ఎక్కి వచ్చేసరికి తొమ్మిది దాటింది. "చెప్పండి ఐలేశం గారూ, మళ్లీ గద్దేనా?" అంది. ముఖంలో మాత్రం నవ్వు లేదు.

ఐలేశం సంచిలోంచి గొంగడి తీసి లాఠీకి వేలాడదీశాడు. దక్షిణం వైపు కమ్మీ మీద వంగి, లాఠీని చేతికందినంత దూరం గోడ బయటికి చాపాడు.

"గొంగడి యాడున్నది మేడం?"

"గోడ బయట."

"నీడ యాడున్నది?"

ఆమె ఆవరణలోకి చూసింది. గోడకు ఇవతల, బండకు పది అడుగుల దూరంలో గొంగడి నీడ ఆడుతోంది.

"పొద్దుగాల గొర్లమీద గద్ద నీడ వడితె, కొత్తోడు నెత్తి మీదికి చూస్తడు. ఆడ గద్ద ఉండదు. పొద్దు దిక్కు చూడాలె. నాయిన నేర్పిండు," అన్నాడు ఐలేశం. "గది మూడో ఒడ్డుకు అవుతల్నే లేచింది. నేను చూసిన. గట్లనే రాస్త. తప్పయితె నాది."

లాఠీ దించకుండానే మళ్లీ అన్నాడు: "ఇంకోటి గూడ రాస్త మేడం. గాలి లేచింది ఆ పిల్లకు తెల్వలే. రోజు నా గొంగడి చూస్తది. ఇయ్యాల నేను తీసిన."

మంజులత చాలాసేపు ఆ నీడనే చూసింది. తర్వాత పొలం వైపు తిరిగి, ఫోనులో ఎస్సైతో మాట్లాడింది. కానిస్టేబుళ్లు బండి తిప్పుకున్నారు. శైలజ డ్రోను ఎత్తుకుని ఆటోలో పెట్టింది. టవర్ వైపు చెయ్యి ఊపలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని ఒడ్డు మీద కూర్చుంది.

"అన్నా, నాకు గొర్లు లేకపాయె," అన్నాడు నాగేందర్ మెట్లు దిగుతూ.

"అందుకే హెడ్డువైనవ్," అన్నాడు ఐలేశం.

రెండింటికి ఈల, లాఠీ, టోపీ అప్పగించి సంతకం పెట్టాడు. శాలువా కప్పారు. మైసూర్‌పాక్ పంచారు. బ్యారక్ కిటికీలోంచి ఎవరో చప్పట్లు కొడితే మిగతావాళ్లూ కొట్టారు. డబ్బా మరిచానని ఐలేశం మరోసారి టవర్ ఎక్కాడు. నలభై రెండో మెట్టు మీద ఆగాడు. దిగివచ్చినప్పుడు చేతిలో డబ్బా ఉంది. భుజానికి సంచి ఉంది.

ఇంటి దగ్గర సైదమ్మ సంచి విప్పింది. శాలువా బయటపడింది.

"గొంగడేది?"

"డ్యూటీల ఉన్నది."

"నువ్వు దిగినవ్, అది దిగలేదా?"

ఐలేశం కాళ్లు కడుక్కున్నాడు. సైదమ్మ అన్నం వడ్డించింది.

ఆ రోజు రిజిస్టరులో చివరి వాక్యం ఐలేశం చేతిరాతే: 'తూర్పు కమ్మీ మీది గొంగడి ఎవరూ తీయరాదు.' కింద ఎర్రసిరాతో మంజులత సంతకం.

మరునాడు ఎనిమిదింపావుకు పొలంలో ఆటో ఆగింది. శైలజ తలెత్తి చూసింది. తూర్పు కమ్మీ మీద గొంగడి కదలకుండా వేలాడుతోంది.