ఎడమచేతి పాఠం

మా బడికి ఆన్‌లైన్ పరీక్షల బాధ్యురాలిని నేను. రెండేళ్ల కిందట స్టాఫ్ రూములో ప్రొజెక్టర్ వెలగకపోతే, వెళ్లి వదులుగా ఉన్న ప్లగ్గు గట్టిగా నొక్కాను. ఆ ఒక్క పుణ్యానికి మా పెద్దసారు నన్ను కంప్యూటర్లు తెలిసిన మనిషి కింద జమకట్టేశారు. నిజానికి నేను చెప్పేది లెక్కలు. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు ఒకటే పాట పాడుతున్నాను: ముందు లెక్క చదవండి, ఆలోచించండి, కాగితం మీద చేసుకోండి, జవాబు ఆ తర్వాత.

ఈ ఏడు నుంచి ప్రభుత్వ బడులన్నిటిలో ఏడో తరగతి చివరి పరీక్ష కంప్యూటర్ మీదే అన్నారు. పై బడిలో సీటు ఆ మార్కులను బట్టే. ముందుగా ప్రతి బడీ ఒక రిహార్సల్ పెట్టి సజావుగా జరిగిందనిపించుకోవాలి. లేకపోతే సెంటర్ ఎత్తేస్తారు, పిల్లలు రెండు బస్సులు మారి ఎక్కడో రాసి రావాలి.

ఆటసామాను గది ఖాళీ చేయించి ఇరవై నాలుగు కంప్యూటర్లు దింపారు. గదిలో ఉన్న ప్లగ్గులు నాలుగు. కరెంటు పనివాడు ఇంకా రాకముందే గుమ్మం మీద ‘డిజిటల్ పరీక్షా కేంద్రం’ అని బోర్డు మాత్రం వచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఎలాగో రిహార్సల్ రోజుకి తీగలన్నీ లాగించాం. అన్ని కంప్యూటర్లూ వెలిగాయి. హమ్మయ్య అనుకుని ఇరవై నిమిషాలు కాలేదు, మూడో వరసలో నిదానం ముందున్న తెర ఖాళీ అయిపోయింది.

నిదానం అంటే మా క్లాసులో ఒక పిల్ల. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. లెక్క ఇస్తే ఒకసారి చదువుతుంది, పెన్సిల్ పళ్ల మధ్య పెట్టుకుంటుంది, కిటికీలోంచి గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. ఆరు నిమిషాలు, ఏడు నిమిషాలు ఉలకదు పలకదు. తర్వాత వంగి నాలుగే నాలుగు లైన్లు రాస్తుంది. ఆ నాలుగు లైన్లలో నేను తప్పు పట్టిన రోజు లేదు. నా ఉద్యోగంలో ఇలాంటి పిల్లలు ముగ్గురో నలుగురో తగిలారు. ఆ పిల్లంటే నాకు పక్షపాతం ఉందంటే ఉంది, కాదనను.

తెర మీద ‘సెషన్ ముగిసింది’ అని ఉంది. నా పాస్‌వర్డ్ కొట్టి మళ్లీ తెరిచాను. చేస్తున్న లెక్క పోయింది, గడియారం మాత్రం ఆగలేదు. కాసేపటికి మళ్లీ ముగిసింది. ఆ పిల్లకి నాలుగుసార్లు, ఇంకో ఆరుగురికి తలా ఒకసారీ అలాగే అయింది. నాలుగోసారి నేను వెళ్లేసరికి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది.

“నేనేమీ ముట్టుకోలేదు టీచర్. ఒట్టు.”

వచ్చిన చిక్కల్లా అదే. ఐదు నిమిషాలు మౌస్ కదపకపోయినా, కీ నొక్కకపోయినా కుర్చీలో మనిషి లేదని ఆ యంత్రం తేల్చేస్తుందట. నిదానానికి ముప్పై మార్కులకి తొమ్మిది వచ్చాయి. మా బడికి ‘అనర్హం’ అని వచ్చింది, మూడు వారాల్లో ఇంకొక్క అవకాశం.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఫిర్యాదులు పోర్టల్‌లోనే పెట్టాలన్నారు. పెట్టడానికి కూర్చున్నాను. నాదీ నిదానం వాటమే, ఆలోచించుకున్నాక గానీ రాయలేను. ‘ఇబ్బంది’ అని రాయాలా, ‘అన్యాయం’ అని రాయాలా అని తేల్చుకునేలోగా ఫారం మూసుకుపోయింది. రెండోసారీ అంతే. గోరుచుట్టు మీద రోకటిపోటు. మూడోసారి ఒళ్లు మండి, ఎడమచేత్తో మౌస్ అటూ ఇటూ రుద్దుతూనే కుడిచేత్తో కాగితం మీద చిత్తు రాసుకుని, తర్వాత దాన్ని టైపు చేశాను. ఈసారి వెళ్లింది.

మర్నాడు జవాబొచ్చింది. అభ్యర్థి చురుకుగా లేనప్పుడు సెషన్ ముగియడం భద్రతా నియమం, మీ సమస్య పరిష్కరించబడింది అని. నా సమస్య ఎవరు పరిష్కరించారో, ఎప్పుడు పరిష్కరించారో నాకే తెలియలేదు. ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తగారికి ఇదంతా చెప్పుకుని ఏడిస్తే, ఆవిడ కాయ పక్కన పెట్టి, “కదలకుండా కూర్చున్నవాళ్లు ఆలోచిస్తుంటారని దాన్ని తయారుచేసినవాడికి తెలీదుటే?” అని అడిగారు. చదువుకోని ఆవిడకి తట్టిన ప్రశ్న ఇంకెవరికీ తట్టలేదు.

పెద్దసారు మాత్రం తొందరపెట్టారు. ఆలస్యం అమృతం విషం అన్నారు. సెంటర్ పోతే ముందు ఆగిపోయేది ఆడపిల్లలే అన్నారు. ఆయన మీద నాకెంత కోపం ఉన్నా ఆ మాట కాదనలేను. నిదానం వాళ్లమ్మ పొద్దున ఏడింటికి కుట్టుపని షెడ్డుకి వెళితే చీకటి పడ్డాకే రావడం. అంతకు ముందురోజు ఆవిడ గేటు దగ్గర నన్ను ఆపి, “రెండు బస్సులంటే నేను పంపలేనండీ. ఇక్కడైతే రాస్తుంది,” అని చెప్పి, జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయింది.

అందుకని ఆ పని నేనే చేశాను. ఫిర్యాదు రాస్తూ నేను నేర్చుకున్న విద్యనే పిల్లలకు నేర్పాను. మౌస్‌కి బదులు ప్రతి బల్ల మీదా ఎడమచేతి కింద ఒక రబ్బరు ముక్క పెట్టించాను. కుడిచేత్తో లెక్క చేసుకుంటూ ఉండాలి, నేను బల్ల మీద తట్టగానే ఎడమచేత్తో రబ్బరు జరపాలి. నాలుగు నిమిషాలకొకసారి తట్టేదాన్ని. వారం తర్వాత తట్టడం మానేశాను, వాళ్లంతట వాళ్లకే గుర్తు రావాలని. ఎడమచేతివాటం పిల్ల ఒకతి, మరి నా సంగతేంటి టీచర్ అంటే క్లాసంతా నవ్వింది. వాళ్లకిది ఆటే.

నిదానానికి మాత్రం పట్టుబడలేదు. లెక్క మొదలుపెడితే చెయ్యి మర్చిపోయేది. తట్టడం మానేసిన నాలుగో రోజు నాకు ఓపిక నశించి అందరి ముందూ అరిచాను.

“ఎన్నిసార్లు చెప్పాలే నీకు? అంతలా లెక్కలో పడిపోకు.”

అన్నాక నా మాట నాకే వినిపించింది. ఇరవై రెండేళ్లలో ఏ పిల్లకీ ఆ మాట చెప్పలేదు నేను. సిగ్గుతో మొహం బోర్డు వైపు తిప్పుకుని, అక్కర్లేకపోయినా తుడిచాను.

రెండో రిహార్సల్‌లో ఒక్క తెర కూడా ఆరిపోలేదు. విద్యార్థులు అత్యంత చురుకుగా ఉన్నారని, ఈ కేంద్రం మిగతా బడులకు ఆదర్శమని రిపోర్టు వచ్చింది. పెద్దసారు దాన్ని ఫ్రేము కట్టించారు. సిద్ధంగా ఉన్నామన్న కాగితం మీద నేను సంతకం పెట్టాను. నిదానానికి పందొమ్మిది మార్కులు వచ్చాయి, అసలు పరీక్షలో అన్నే వచ్చినా సీటుకి సరిపోతాయి. ఆఖరి పెద్ద లెక్క మాత్రం వదిలేసింది. ఆ లెక్క ఎవరికి వచ్చినా రాకపోయినా తనకి వస్తుందని నేనే పందెం కాసేదాన్ని.

తర్వాతి సోమవారం కంప్యూటర్లు లేవు, రబ్బరు ముక్కలు లేవు, మామూలు క్లాసు. మనసు ఊరుకోక, ఆ వదిలేసిన లెక్కలాంటిదే ఒకటి బోర్డు మీద వేసి, కావలసినంత సేపు తీసుకోండి అన్నాను. నిదానం చదివింది. పెన్సిల్ పళ్ల మధ్య పెట్టుకుని కిటికీలోంచి గోడ వైపు చూసింది. నా ప్రాణం లేచి వచ్చింది.

నాలుగు నిమిషాలయ్యాయి. క్లాసులో ఎడమచేతులన్నీ ఖాళీ బల్లల మీద ఒక్కసారి అటూ ఇటూ జరిగాయి. నిదానం చెయ్యి కూడా జరిగింది. గోడ మీంచి చూపు తిప్పి, నా వైపు చూసి నవ్వింది.

“ఈసారి మర్చిపోలేదు టీచర్.”

మంచిదమ్మా అన్నాను. లెక్క ఎంతవరకు వచ్చిందని అడగడానికి నాకు నోరు రాలేదు.