ఐడీ ఎవరి పేరు మీదుంది

రోడ్డు మీద వండినా వండేది మేమే. ఆ సంగతి నాకు మానుకోట చౌరస్తాలో ఉల్లిగడ్డలు కోస్తుంటే అర్థమైంది. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బళ్లు లేవు, ఆఫీసులకు తాళాలు. ఆ రోజు టీచర్ల వంతు వంటా వార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, మన పట్టుదల ఢిల్లీకి చూపించాలి. రాళ్లు మోసుకొచ్చి పొయ్యి పెట్టింది మగవాళ్లు. పేపరువాళ్లు వచ్చినప్పుడు గరిటె పట్టుకున్నదీ మగవాళ్లే. ఫొటో అయిపోయాక గరిటె మా చేతికొచ్చింది. మా ఆయన ప్రకాశ్ సర్కారు బడిలో టీచరు. మైకు ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. "బొగ్గు మనది, కరెంటు మనది. కష్టం మనది, పేరు ఇంకొకలది. గిదేం నాయం? మన మాటను సుత ఎక్కిరిస్తరు. ఎన్నొద్దులు పడుదాం?" అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. అరచేతికి ఉల్లిపొట్టు అంటుకునే ఉంది. అబద్ధమెందుకు, ఆ మాటలు వింటే నా ఒళ్లు జలదరిస్తుంది. తెలంగాణ రావాలన్న ఆశ నాకు ఆయన కంటే ఒక పిసరు కూడా తక్కువ లేదు.

అప్పుడే ఫోను మోగింది. మెసేజ్. 'ప్రియమైన ప్రకాశ్ గారూ, మీ అఫిలియేట్ ఐడీ నిలిపివేయబడింది. కారణం: నకిలీ కొనుగోలుదారులు.' చదివింది నేను. ఫోను నాది. పని నాది. పేరు మాత్రం ఆయనది.

ఈ పనిలోకి మమ్మల్ని దించింది జనగామలో ఉండే విద్యాసాగర్, ఆయన చదువుకున్నప్పటి దోస్తు. ఒక ఆదివారం వచ్చి, నేను పోసిన చాయ తాగుతూ విడమరిచి చెప్పాడు. "పెండ్లి సంబంధం కుదిర్చినట్టే వదినె. పిల్ల వాళ్లది, పిలగాడు వాళ్లోడు, నడుమ మాట మనది. వస్తువు కంపెనీది, కొనేది జనం, నడుమ మన లింకు. నీ లింకు మీదికెళ్లి ఎవలు కొన్నా నీకింత." డిగ్రీ చదివి గిన్నెలు తోముతున్నదాన్ని, నా మాటకు విలువ కట్టేవాళ్లున్నారంటే మనసు లేచి కూర్చుంది. ఐడీ నా పేరు మీద తీసుకుంటానన్నాను. దంపతులకు ఒకే ఐడీ అట, కంపెనీ రూలు. పైగా పాన్ కార్డు కావాలట. నాకెక్కడిది? "నా పేరైతే ఏంది, నీ పేరైతే ఏంది సోనీ, మనం వేరువేరా?" అన్నాడు ప్రకాశ్. ఆ రోజు ఆ మాట ఎంత ముద్దుగా వినిపించిందో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది.

కంపెనీ సైటులో గడియారాలున్నాయి, క్రీములున్నాయి, మిక్సీలున్నాయి. నేను ఏరుకున్నది నెలసరి ప్యాడ్లు. కొత్తగూడ అడవిలో మా అమ్మగారి తండా. అక్కడ నేను కూడా పాత చీర పేలికలను లంగా కింద దాచి ఆరేసినదాన్నే. వానకాలం అవి ఆరవు. ఆరని బట్టతోనే మళ్లీ నెల వస్తుంది. ఒరుసుకుపోయిన తొడలతో అడవి దారిన బడికి నడవడం ఎలా ఉంటుందో ఏ కంపెనీకి తెలుసు? నాకు తెలుసు. అందుకే తండాకు వెళ్లి ఆడవాళ్లందరినీ కమ్లీ ఇంటి ముందు కూర్చోబెట్టి మా తండా భాషలో చెప్పాను. మా ఇద్దరిదీ ఆ భాషే అయినా మా ఇంట్లో దానికి చోటు లేదు. మానుకోటలో ఇల్లు తీసుకున్న కొత్తలోనే ప్రకాశ్ చెప్పేశాడు, "పక్కింటోళ్లు ఇంటరు, తెలుగుల మాట్లాడు" అని. తండాలో నోరు విప్పితే నాకు కట్టు విప్పినట్టయింది. కమ్లీ నా చిన్ననాటి జతగత్తె. ప్యాడును అటూ ఇటూ తిప్పి చూసి, "గీ చిన్న దిండు పెట్టుకొని పండుకోవాల్నా, నడువాల్నా?" అంది. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. నవ్వాక అడిగారు. అడిగాక కొన్నారు. కమ్లీ బిడ్డ కవిత అప్పుడే తొమ్మిదో తరగతికి వచ్చింది. అందరూ వెళ్లాక నా పక్కన చేరి మెల్లగా, "నెలనెలా తెస్తవా చిన్నమ్మా?" అంది. తెస్తానన్నాను.

తండాకు కొరియర్ రాదు. ఇళ్లకు నంబర్లు లేవు. ఫోను సిగ్నలు దొరికేది గుట్ట మీదున్న భద్రు దుకాణంలోనే. తండాకంతటికీ భద్రు ఫోనే. కాబట్టి నేను ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఆర్డర్లు పెట్టేటప్పుడు పేర్లు ఎవరివి వాళ్లకు రాసేదాన్ని, నంబరు భద్రుది, అడ్రసు మా ఇల్లు. సామాను మానుకోటకొస్తే మూట కట్టుకుని బస్సెక్కేదాన్ని. "టీచరు పెండ్లామై మూట మోస్తవా?" అని ప్రకాశ్ మొదట్లో మొహం మాడ్చుకున్నాడు. కమీషనుతో ఆయనకు బండి వచ్చాక మూట కంటికి కనబడడం మానేసింది. ఆ బండి మీద నన్ను ఒక్కసారైనా తండా దాకా దించింది లేదు.

మరుసటి వేసవిలో జనగామలో కంపెనీ మీటింగు. మా జంటకు సన్మానం అన్నారు. స్టేజీ మీద ఆయనకు శాలువా, నాకు పూలగుత్తి. ఫొటో కాగానే ఒకమ్మాయి వచ్చి, "మేడమ్, తర్వాతి జంటకు ఇవ్వాలి" అని నా చేతిలోని గుత్తి తీసుకెళ్లింది. మైకు పట్టుకున్నాయన ప్రకాశ్‌ను అడిగాడు, "సార్, మీ విజయ రహస్యం ఏమిటి?" మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ప్యాడ్లు అనలేకపోయాడు. "లేడీస్ వస్తువండీ… మారుమూల మార్కెట్‌ను స్టడీ చేశాను" అన్నాడు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కన నిలబడ్డాను. తిరిగొచ్చేటప్పుడు, నా పేరొక్కసారి తీస్తే ఏం పోయేదని అడిగాను. "గంతమందిల, గా వస్తువు పక్కన నీ పేరెట్ల తీస్త? నీ ఇజ్జత్ కోసమే ఊకున్న" అన్నాడు. నా పరువు కాపాడడానికి నన్ను మాయం చేశాడన్నమాట.

ఇదంతా కళ్ల ముందు తిరుగుతుండగా, చౌరస్తాలో ఒక మూసిన దుకాణం అరుగు మీద కూర్చుని కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. అఫిలియేట్లే మా కుటుంబం అని పాట వచ్చింది. పాట చాలాసేపు వచ్చింది. ఆఖరికి ఒకమ్మాయి దొరికింది.

"ఒకే నంబరు, ఒకే అడ్రసు, అన్నీ మీ లింకు నుంచే. మీరే వేర్వేరు పేర్లతో కొంటున్నారని సిస్టమ్ చూపిస్తోంది మేడమ్. ఇంతమంది ఆడవాళ్లు ఒకే ఫోన్ ఎలా వాడతారు?"

"ఒక్క బోరింగు నీళ్లు ఎట్ల తాగుతరో గట్లనే అమ్మా."

"కొంచెం అర్థమయ్యేలా మాట్లాడండి మేడమ్."

"మనిషిని తోలుండ్రి. నేనే తోలుకపోత. ఒక్కొక్కళ్ల మొఖం చూపిస్త."

"కొరియర్ సర్వీస్ ఉన్న ఊళ్లకే మా వాళ్లు వస్తారండీ."

కొరియర్ రాదు కాబట్టి మా ఇంటి అడ్రసు. మా ఇంటి అడ్రసు కాబట్టి నేను దొంగ. కాదని చూడడానికి మనిషి రావాలంటే కొరియర్ రావాలి. గానుగెద్దు కూడా ఇంత గుండ్రంగా తిరగదు. మళ్లీ చెప్పబోతే ఆ అమ్మాయి అడ్డుపడింది. "అసలు మీరు ఐడీ హోల్డర్ కాదు కదా మేడమ్. సార్‌తో మాట్లాడించండి. ఆయన వివరణ ఇస్తే పరిశీలిస్తాం."

అప్పటికి రోడ్డు మీద విస్తర్లు వేశారు. ప్రకాశ్ ముద్ద కలుపుతున్నాడు. ఆ అమ్మాయిని లైన్లో ఉండమని, పక్కన కూర్చుని విషయం చెప్పాను. "ఒక్క మాట చెప్పు, తండా ఉన్నదని, మనుషులున్నరని. గంతే" అన్నాను. నకిలీ అన్న మాట వినగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. "సర్కారు నౌకరీ నాది. కేసు గీసు అయితే?" అని ఎడమచేత్తో ఫోను తీసుకున్నాడు. కాసేపటి క్రితం మైకులో మన మాటను ఎక్కిరిస్తున్నారని మండిపడ్డ ఆ నోరే, "సారీ అండీ, నాకు సంబంధం లేదండీ. మా ఆవిడకు తెలియక ఏదో చేసింది. ఐడీ క్లోజ్ చేసేయండి" అని పట్నపు తెలుగులో వొంగి వొంగి చెప్పింది. ఫోను నా ఒళ్లో పెట్టి, "పాయె పీడ. జర పప్పెయ్యి" అన్నాడు. వేశాను. ఆ చెయ్యి నాదేనా అని ఇప్పటికీ అనుమానం.

తర్వాత తెలిసింది, మూసిన ఐడీ కింద ఉన్నవాళ్లంతా, ఆ ఐడీని కంపెనీలో చేర్పించినవాడికి పోతారట. నా తండా మొత్తం విద్యాసాగర్ లెక్కలో చేరింది. తండాకు ఎప్పుడు వెళ్తున్నావని ఫోన్‌లో అడిగితే నవ్వాడు. "మొగోన్ని, గా వస్తువు సంకల వెట్టుకొని తండాల తిరుగుమంటవా వదినె?" ఉన్న మనుషులను లేరన్నారు. లేరన్నవాళ్లను ఇంకొకరికి రాసిచ్చారు.

సమ్మె ఆగి బస్సులు నడిచిన వారంలోనే మందుల దుకాణంలో ప్యాకెట్లు కొనుక్కుని తండాకు బయలుదేరాను. బస్సు దిగి నడుస్తుంటే పోడు చేలన్నీ తెల్లగా విచ్చుకున్నాయి. కమ్లీ చేనులో పత్తి ఏరుతోంది. పక్క సాలులో కవిత. బడి వేళ అది.

"బడికి పోలేదా?" అన్నాను. కవిత పత్తి ఏరుతూనే ఉంది. కమ్లీయే చెప్పింది. "సమ్మె ఆగి బడి తెరిచిన రెండో దినమే నెల వచ్చింది. మళ్ల పేలికే గతి. బెంచీ మీద అంటింది. పోరగాండ్లు దాని పేరు పెట్టి బోర్డు మీద బొమ్మ గీసిన్రు. ఇంగ పోనన్నది. వాళ్ల నాయిన సుత పత్తి ఏరుడుకు మనిషి దొరికిందన్నడు."

కంపెనీ మూసేసింది, నేను దొంగనట, మీరంతా లేనే లేరట అని చెప్పుకున్నాను. కమ్లీ నడుము మీద చెయ్యి పెట్టుకుని విన్నది. "మేం లేమా? మరి నీ మొగనికి ఎరుకే కద మేమున్నమని. ఆయనేమన్నడు?"

నేను ప్యాకెట్లు బయటికి తీశాను. ఇంకేం చెయ్యను?

"నువ్వొస్తవనే నేను చూసిన చిన్నమ్మా" అంది కవిత. అందులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. ఒడి నిండా పత్తి, నడుము ముందు బరువుగా వేలాడుతోంది. పొద్దంతా దూదిని ఏరి ఎవరికో తూకం వేసే పిల్ల, తనకు కావలసిన పిడికెడు దూది లేక బడి మానేసింది. నా చేతిలోంచి ఒక ప్యాకెట్టు తీసుకుని ఆ పత్తి కిందికి దోపుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మంచిదే. కూలికి పోయినప్పుడు పనికొస్తది" అంది.

దారంతా ఆ మాట నా పక్క సీట్లో కూర్చుని వచ్చింది. ఇంటికి చేరేసరికి ప్రకాశ్ కుర్చీలో పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి, "ఎల్లుండి జనగామ రోడ్డు మీద వంటా వార్పు. ఈసారి నన్నే బాధ్యునిగా పెట్టిన్రు. ఆడోళ్లను పోగుచెయ్యి, వంట గంజులు గట్ల చూసుకో" అన్నాడు.

"ఎల్లుండి నాకు పడది. కవిత చెయ్యి పట్టుకొని బడికి పోవాలె. బోర్డు మీద బొమ్మ గీసిన తరగతిల, దాని పక్కన కూసోవాలె."

"నువ్వెవలు కూసోనీకె? మరి గంతమందికి వండేదెవలు?"

సంచి దించి కింద పెట్టాను. మాకు పెళ్లయి ఆ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి మా అమ్మ భాషలో, చెట్టూ పుట్టా వినేంత గొంతుతో జవాబు చెప్పాను. "నువ్వే వండు. ఈ వంటకు ఐడీ నీ పేరు మీదనే ఉంది కద."

ఆయన నా మొహం చూడలేదు. ముందు లేచి వీధి కిటికీ మూశాడు.