కొండ మీది బ్రీదరు డబ్బా

పొద్దున్నే పగ్మా నోరు జారింది.

ఫోన్లో అవతల ఉన్నది మొగుడు చిమిద్. వాళ్ల చలికాలపు విడిది ఎర్ర కనుమకి ఆవలి వైపు. దొడ్డి వెనక గుట్టెక్కి, సిగ్నలందే ఒకే ఒక్క రాయి మీద నిలబడి మాట్లాడుతున్నాడు. ఈ ఏడు మంచు పడింది, కరిగింది, మళ్లీ గడ్డకట్టింది. నేలంతా గాజుపలకైపోయి గొర్రెల గిట్టలకి కింది గడ్డి అందడం లేదు. ఉన్నవన్నీ చూడి గొర్రెలు. వాటికి మేత తెస్తానని పగ్మా జీపేసుకుని కనుమ దాటి ఊళ్లోకొచ్చింది. మేత దొరికింది. జీపు చెడింది.

"గొర్రెలెట్లా ఉన్నాయి?" అంది పగ్మా.

"లేచేవి లేస్తున్నాయి. గడ్డి బాగుందా?"

"బాగుంది. పచ్చి వాసనేస్తోంది."

"కనుమ మీద మంచు?"

"జీపు దిగబడేంత లేదంటున్నారు. రాత్రికి తుఫానని రేడియోలో చెప్పారు."

ఎప్పుడొస్తావని చిమిద్ అడగలేదు. మా వైపు బుద్ధున్నవాడెవడూ ఆ మాట అడగడు. దారి వింటుంది, కొండ వింటుంది, విన్నాక ఊరుకోవు. అడక్కుండా అడగాలి, చెప్పకుండా చెప్పాలి. గడ్డి బాగుందా అంటే అర్థం అదే. పగ్మాకి మాత్రం తెలీదా? కానీ ఆ గొర్రెల్నే తలుచుకుంటూ రాత్రంతా నిద్రలేదు. అనేసింది.

"ఈరోజు చీకటి పడేలోపు గడ్డి దొడ్లో ఉంటుంది."



"ఏమన్నావే?"

"ఏం లేదు."

"నోరు కడుక్కో," అని చిమిద్ ఫోను పెట్టేశాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. పగ్మా తుపుక్కున ఉమ్మింది, ఎడమవైపోసారి, కుడివైపోసారి. అన్న మాట ఉమ్మితే పోతుందా? చెడిన జీపు ఎదురుగానే ఉంది.

జీపు రష్యావాళ్లది, వయసులో పగ్మా కంటే కాస్తే చిన్నది. ఆ రకం బండిని జనమంతా అరవైతొమ్మిదనే పిలుస్తారు. దాన్ని తిట్టనివాడూ లేడు, అది లేకుండా చలికాలంలో కనుమ దాటినవాడూ లేడు. ఇంజిన్లో పుట్టే ఆవిరీ పొగా బయటికి పోవడానికి దాని పైమూత మీద పిడికెడంత రేకు డబ్బా ఉంటుంది, దాన్నుంచి ఓ రబ్బరు గొట్టం. బ్రీదరంటారు. నిన్న అందులో ఆవిరి గడ్డకట్టి, ఊపిరాడక, ఇంజిను ఆయిలు చూసే కడ్డీని బయటికి చిమ్మింది. పగ్మా దిగి, మంచు రాలుతుందిలే అనుకుని పానాతో డబ్బాని రెండు దెబ్బలేసింది. ఆ చలికి ఇనుము కూడా పింగాణీ అవుతుంది. డబ్బా మెడ పుటుక్కున విరిగింది. గొట్టం చేతిలోనే ముక్కలైంది. ఇప్పుడు ఆ బొక్కలో గుడ్డ కుక్కితే ఇంజినుకి ఊపిరాడదు, తీస్తే ఆయిలు కక్కుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఊళ్లో బళ్ల సామాను కొట్టు ఒకటే.

"అరవైతొమ్మిదికా?" కొట్టతను నవ్వాడు. "అక్కా, దానికి సామాను కావాలంటే మ్యూజియంకి పోవాలి. నా దగ్గరున్నవన్నీ జపాన్ బళ్లవి. ఉలాన్‌బాతర్ నుంచి తెప్పిస్తాలే, వారంలో..." అని నాలుక కరుచుకున్నాడు. "వచ్చినప్పుడొస్తుంది."

"జపాన్‌దే ఇవ్వు, ఎట్లాగో పట్టిస్తా."

అతను బొటనవేలంత ప్లాస్టిక్ వాల్వు ఒకటి బల్ల మీద పెట్టాడు.

"దీంతో ఈగక్కూడా ఊపిరాడదు," అంది పగ్మా.

ఊళ్లో ఇంకో అరవైతొమ్మిది ఉంది గానీ నిన్ననే గడ్డితో ఉత్తరానికి పోయింది. ట్రాక్టర్లు కూడా పోయాయి. జపాన్ కార్లు వీధి నిండా ఉన్నాయి, అవి కనుమ మొదటి మలుపులోనే చతికిలబడతాయి. పగ్మా కాలుకాలిన పిల్లిలా ఆ కొసకీ ఈ కొసకీ తిరిగింది. చివరికి దంబా ముసలాయన గుడారంలో దూరింది. సహకార సంఘం రోజుల్లో ఆయన పేరున్న డ్రైవరు. కళ్లు మసకబారి స్టీరింగు మానేశాడు, సలహాలు మాత్రం మానలేదు. పొయ్యి పక్కన కూర్చుని మాంసం కుడుములు తింటున్నాడు.

"పానాతో కొట్టావా?" అన్నాడు అంతా విని.

"కొట్టా."

"మొగుడికి దగ్గొచ్చినా అట్లాగే చేస్తావా?"

"మామా, నవ్వే ఓపిక లేదు. ఆ డబ్బా ఎవరి దగ్గరుందో చెప్పు."

"నా బండిది ఉంది."

పగ్మా లేచి నిలబడింది. "ఏదీ?"

దంబా నమలడం ఆపేశాడు. నోట్లోంచి వచ్చిన మాట మళ్లీ లోపలికి పోతే బాగుండునన్నట్టు పొయ్యి వైపు చూశాడు. "ఇక్కడ లేదులే."

"ఎక్కడుంది?"

"కనుమ మీద. ఓవోలో."

కనుమ నెత్తిన ఉన్న రాళ్లగుట్టే ఓవో. దాటేవాళ్లంతా తలా ఒక రాయి వేసి, చుట్టూ తిరిగి, కొండకి దండం పెట్టుకుని పోతారు. నీలి పట్టుగుడ్డలు కడతారు. పందెం గెలిచిన గుర్రం చచ్చిపోతే దాని పుర్రె తెచ్చి అక్కడ పెడతారు. కాలు బాగుపడినవాడు చంకకర్ర వదిలేస్తాడు. దంబా తన జీపు చచ్చిపోయినప్పుడు దాని స్టీరింగునీ, బ్రీదరు డబ్బాతో సహా ఇంజిను పైమూతనీ తీసుకెళ్లి అక్కడ పెట్టి, పాలు పోసి, ఏడ్చి వచ్చాడు. కొండకిచ్చినది గులకరాయైనా సరే ఎవరూ వెనక్కి తీసుకోరు. తీసుకున్నవాళ్ల కథలున్నాయి. ఆ కథల్లో ఎవరూ ఇల్లు చేరరు.

"నేనేం అనలేదు, నువ్వేం వినలేదు," అన్నాడు దంబా.

"కోటేసుకో మామా."

గొట్టం బడిలో దొరికింది. బడి బాయిలరు చూసే హోర్లో అక్క, అడగ్గానే కొట్టుగది తాళం తీసింది. పాతకాలంలో యుద్ధమొస్తుందని పిల్లలకి నేర్పడానికి తెప్పించిన విషవాయువు ముసుగులు పెట్టెల్లో అట్లాగే ఉన్నాయి. ఏనుగు తొండంలా ముడతల రబ్బరు గొట్టం, సుద్దపొడిలో మెత్తగా ఉంది.

"తీస్కపోవే," అంది హోర్లో. "ఆ యుద్ధమైతే రాలేదు, నీ జీపుకైనా పనికొస్తే నయం."

గడ్డి కట్టలు ఎక్కించిన జీపుకి బొక్కలో గుడ్డ కుక్కి బయల్దేరారు. కాస్త దూరం పోవడం, ఇంజిను ఉక్కిరిబిక్కిరవగానే ఆపడం, గుడ్డ లాగి ఆవిరి పోనివ్వడం, ఆయిలు పోసి మళ్లీ కుక్కడం. పగ్మా చేతులు మోచేతుల దాకా నల్లగా అయ్యాయి. పడమటి కొండ మీద మబ్బు చిక్కబడుతోంది. గొర్రెలు ఇప్పుడు ఒకదాని ఉన్ని ఒకటి పీక్కు తింటుంటాయని ఆమెకి తెలుసు. ఆకలి ముదిరితే అవి చేసేది అదే. జీపు ఆగినప్పుడల్లా ఆమె దిగేది, ఎక్కేది, ఊరికే మళ్లీ దిగేది.

"కూర్చోవే, నిన్ను చూస్తే నాకే ఆయాసమొస్తోంది," అన్నాడు దంబా.

"మామా, పొద్దున నేనో మాటన్నా." చెప్పింది.

దంబా టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "వేళ చెప్పేశావా? పైకే? ఫోన్లో?"

"పైకే."

"అందుకే ఈ ముసలాణ్ణి కూడా లాక్కొచ్చావు. చేసుకున్నవాళ్లకి చేసుకున్నంతని ఊరుకోక, పక్కవాడికి కూడా వాటానా!"

ఆయిలు డబ్బా అడుగంటే వేళకి కనుమ నెత్తికి చేరారు. ఇక్కణ్ణుంచి దిగుడే, కానీ ఈ ఇంజినుతో సగం దిగేలోపే అంతా అయిపోతుంది. ఓవో సగం మంచులో ఉంది. నీలి గుడ్డలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. ఇద్దరూ మూడు చుట్లు తిరిగారు, తలా ఒక రాయి వేశారు. అప్పుడు దంబా చేతులు కోటులో దూర్చుకుని కదలకుండా నిలబడిపోయాడు.

"ఇచ్చిన చెయ్యి ఇదేనే అమ్మాయ్. ఇదే చెయ్యి ఎట్లా తీస్తుంది?"

"నువ్వెక్కడో చూపించు. నేను తీస్తా. నాకేం భయం లేదు."

భయముంది. తల్లి చెయ్యి పట్టుకుని ఇక్కడికి మొదటిసారి వచ్చిన నాటి నుంచీ ఉంది. అయినా వంగి గుర్రపు పుర్రెల మధ్య మంచు తవ్వింది. స్టీరింగు బయటపడింది, దాని కింద తుప్పుపట్టిన పైమూత, మూత మీద ఆ పిడికెడు డబ్బా. మెడ చెక్కు చెదరలేదు.

"తండ్రీ," అంది, "ఊపిరి పీల్చుకోడానికి నీకు డబ్బా అక్కర్లేదు. ఆ గొర్రెలకి కావాలి." పానా వేసి నట్టు తిప్పింది. కదల్లేదు.

"ఎవర్రా అది? దేవుడి సొత్తు మీద చెయ్యేసింది ఎవడ్రా?"

కేక అవతలి వాలు నుంచి వచ్చింది. గుర్రం మీద ఒక మనిషి, మీసాలు మంచుకట్టి, ముఖానికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. దగ్గరకొచ్చి గుడ్డ లాగాడు. చిమిద్. వెళ్లబోయిన తీర్థం ఎదురైనట్టయింది గానీ, ఎదురైన తీరే బాగాలేదు. పగ్మా దొంగలా ఇంజిను మూతని గుండెకి అదుముకుని నిలబడింది.

చిమిద్ ఆమెని చూశాడు, మూతని చూశాడు, దంబాని చూశాడు.

"పొద్దున నోటితో," అన్నాడు. "ఇప్పుడు చేత్తోనా?"

"నువ్వెందుకొచ్చావ్? గొర్రెల దగ్గరెవరున్నారు?"

"అమ్మ ఉంది. నీ నోటికి కొండకి క్షమాపణ చెప్పుకుందామని వచ్చా." కోటు లోపల ఒంటికానించి దాచిన తోలుసంచి తీశాడు. టీలోకని మిగుల్చుకున్న ఆఖరి పాలు. "ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వేమో దాని కొంప దోస్తున్నావ్!"

"దోస్తున్నా!" పగ్మా అరిచింది. "నిన్నట్నుంచీ ఊరంతా తిరిగా. ఇది లేకపోతే గడ్డి ఇక్కడే ఉండిపోతుంది, అవి అక్కడే చచ్చిపోతాయి. తిట్టు, కొట్టు, తర్వాత ఏమైనా చెయ్యి. ముందు ఈ నట్టు పట్టు!"

చిమిద్ కదల్లేదు. అతను చెడ్డవాడు కాదు, భయస్తుడూ కాదు. కొండ దగ్గర మాత్రం చిన్నపిల్లాడే. ఆ మాటకొస్తే మేమంతా అంతే.

గుర్రం మాత్రం ఎవర్నీ అడగలేదు. డొక్కలు ఎముకలు తేలి ఉన్నాయి దానికి. మెడ చాచి, జీపు టాపు మీది కట్టలోంచి గుప్పెడు గడ్డి పీకి నమలడం మొదలెట్టింది. కరకరా, కళ్లు మూసుకుని, చుట్టూ ఏమీ లేనట్టు. చిమిద్ ఆ చప్పుడు వింటూ ఉండిపోయాడు. ఎన్నాళ్లుగానో వినని చప్పుడది. గుర్రం దిగి వచ్చి, పగ్మా చేతిలోంచి పానా తీసుకుని, బలమంతా పెట్టి తిప్పాడు. నట్టు కీచుమని ఊడింది.

తర్వాత పాలు పోశాడు, కొండకి నుదురు ఆనించాడు. "ఇది అప్పే తండ్రీ. వేసవిలో మళ్లీ తెచ్చి..."

దంబా ఉరికి వచ్చి అతని నోరు మూశాడు. "వేళ చెప్పకురా దరిద్రుడా! మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకటే నోరు!"

డబ్బా ఉన్న చోట గుంట ఖాళీగా ఉంది. పగ్మా దాన్ని అట్లా వదిలి రాలేకపోయింది. జేబులోంచి ఫోను తీసి, చేత్తో తుడిచి, ఆ గుంటలో పెట్టి పైన ఒక రాయి ఆనించింది. "నోరు జారింది దీంట్లోనే," అంది.

"చార్జరు కూడా పెట్టవే, పాపం," అన్నాడు దంబా.

చిమిద్ నవ్వేశాడు.

డబ్బా బిగించారు, ముసుగు గొట్టం తొడిగి తీగతో కట్టారు, దాని కొసని మళ్లీ గడ్డకట్టకుండా ఇంజిను వేడి దగ్గరే వదిలారు. పగ్మా తాళం తిప్పింది. ఇంజిను రెండుసార్లు గొణిగి మూడోసారికి అందుకుంది. గొట్టం కొస నుంచి తెల్లటి ఆవిరి బుసబుసా వచ్చింది. దంబా దానికి అరచెయ్యి అడ్డుపెట్టి చూసి, "ఊపిరాడుతోంది," అన్నాడు, పురిటిగదిలోంచి వచ్చిన మంత్రసానిలా.

చిమిద్ గుర్రం మీద ముందు దారి చూపిస్తుంటే దంబానీ ఎక్కించుకుని జీపు వెనకే దిగింది. మంచు తుంపర మొదలైంది. పగ్మా చూపు సగం గుర్రం తోక మీద, సగం బానెట్టు సందుల్లోంచి వచ్చే ఆవిరి మీద. అది సన్నబడితే బండి నెమ్మది చేసేది, మళ్లీ కనిపిస్తే ముందుకి పోనిచ్చేది. ఆ వాలంతా ఆమె ఊపిరి కూడా ఆ డబ్బాలోంచే వచ్చిందంటే అబద్ధం కాదు.

దొడ్డి దగ్గర అత్తగారు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. చక్రాల మీద చిలకరించడానికి పాలు లేవు, ఉత్త టీయే చిలకరించింది.

"సుఖంగా వచ్చారా?" అంది.

"సుఖంగానే వచ్చాం అత్తా," అంది పగ్మా. ఆ ప్రశ్నకి ఎవరికైనా ఒకటే జవాబు.

పడమట ఆఖరి వెలుతురు అప్పుడే పోతోంది. పొద్దున ఫోన్లో అన్న వేళ అదే. ముసలామె ఆకాశం చూసింది, కొడుకుని చూసింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

జీపు చప్పుడుకి దొడ్లో ముందు వరుస గొర్రెలు లేచాయి. అరవడానికి ఓపిక లేక నోళ్లు తెరిచాయి, అంతే. వెనక వరుసలు పడుకునే ఉన్నాయి. పగ్మా గడ్డి చంకనెత్తుకుని వాటి మధ్యకి వెళ్లింది. ఆ చలిలో బతికున్నదీ లేనిదీ తెలుసుకోడానికి ఒకటే గుర్తు. వంగి ఒక్కోదాని ముక్కు దగ్గర చూసింది, దారంతా బానెట్టుని చూసినట్టే. ఆవిరి కనిపించిన చోటల్లా మోకాళ్ల మీద కూర్చుని, నోటికందేలా గడ్డి పెట్టింది. కనిపించని చోట ఆగలేదు. ఏడుస్తూనే పక్కదాని దగ్గరికి పోయింది.