సింహపు చేప మీద కూర్చున్న గైడు

మా ద్వీపంలోని ప్రొటారస్ తీరంలో పందొమ్మిదేళ్లుగా నేను జనాన్ని సముద్రంలోకి దింపి చేపలు చూపిస్తున్నాను. నిజానికి చూపించడం కన్నా చెప్పడమే ఎక్కువ. పడవ కదలగానే నా ఉపన్యాసం మొదలవుతుంది: రాతి గుహల్లో ఉండే ఓర్ఫోస్ చేప మనది, దానికి దండం పెట్టండి; సూయజ్ కాలువ దాటి వచ్చిన సింహపు చేప పరాయిది, దాని సంగతి నేను చూసుకుంటాను. ఆ చివరి మాట దగ్గర చేతిలోని ఈటెను కాస్త పైకెత్తుతాను. ఈటెకు మత్స్యశాఖ అనుమతి ఉంది. నా గొప్పలకు మాత్రం ఎవరి అనుమతీ లేదు.

కిందటి అక్టోబరులో ఒక ఆదివారం నా పడవలో ముగ్గురే ఉన్నారు. రాజధాని నికోసియా నుంచి వచ్చిన కొత్త జంట, క్రిస్టాల్లా అనే అరవై అయిదేళ్ల ఆవిడ. ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరయ్యాక డైవింగ్ నేర్చుకుందట. నేర్చుకుని ఏడాది కూడా కాలేదని కాగితంలో చూసి, "అమ్మా, మీరు నా పక్కనే ఉండండి. భయపడకండి," అన్నాను.

"సరే బాబూ. నువ్వూ భయపడకు," అంది.

పద్నాలుగు మీటర్ల లోతులో ఒక గుహ ఉంది. అందులో ఎర్రటి చేపలు ఇంతేసి కళ్లతో గుంపుగా నిలబడి ఉన్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న చేపలు. నీళ్లలో రాసే నా పలక తీసి "మనవే" అని రాసి, గుండె మీద చెయ్యి వేసుకున్నాను. కొత్త జంట తలలూపారు. క్రిస్టాల్లా పెన్సిల్ అందుకుని కింద "కావు" అని రాసింది.

నీటి అడుగున వాదించడం కుదరదు. కుదిరితే ఆ రోజు అక్కడే పొద్దుగూకేది. "మనవే" కింద రెండు గీతలు గీశాను. ఆవిడ "కావు" కింద మూడు గీసింది.

పోయిన పరువు రాబట్టడానికి నాకు సింహపు చేప ఒక్కటే దిక్కు. గుహ ముందున్న రాయి పక్కన ఒకటి, చారల రెక్కలన్నీ విప్పుకుని తీరిగ్గా ఉంది. పొడిచాను. తగిలింది. పెళ్లికొడుకు కెమెరా తీశాడు. ఫొటోలో చేపా, నేనూ, గుహా అన్నీ పడాలని ఈటె ఎత్తి పట్టుకుని కాస్త వెనక్కి జరిగాను. క్రిస్టాల్లా రెండు చేతులూ ఊపుతోంది. మెచ్చుకుంటోందనుకుని ఇంకాస్త జరిగాను.

వెనకాల రెండోది ఉంది.

దాని వెన్నుముళ్లు రబ్బరు సూటు దాటి నా పిర్రలో దిగాయి. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. నోట్లో గాలిగొట్టం పెట్టుకున్న గైడు అసలే అరవలేడు. అయినా ప్రయత్నించాను. బుడగలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. నొప్పికి మతి పోయి, ఊపిరి బిగబట్టి పైకి దూసుకుపోబోయాను. అలా పోతే ఊపిరితిత్తులు చిరుగుతాయని పందొమ్మిదేళ్లుగా అందరికీ చెబుతున్నది నేనే.

క్రిస్టాల్లా నా సిలిండర్ పట్టా పట్టుకుని ఆపింది. నా కళ్లలోకి చూస్తూ, మెల్లగా ఊపిరి తీసుకోమని చేత్తో చూపించింది. జంటను దగ్గరికి పిలిచి, అందరినీ నెమ్మదిగా పైకి తెచ్చి, నియమం ప్రకారం అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆపింది. ఆ మూడు నిమిషాలూ నేను గిలగిలా తన్నుకుంటూనే ఉన్నాను. ఆవిడ పట్టు సడలలేదు. ఆవిడే లేకపోతే ఇది మీకు చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

ఆ విషానికి, కుట్టిన చోటుని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి ఉంచాలి. చేతికైతే గిన్నె చాలు. నాకు మాత్రం రేవులో మా అక్క ఎలెంగూ నడిపే హోటల్ వెనక, దుప్పట్లు నానబెట్టే తొట్టి కావలసి వచ్చింది.

"ఎక్కడ కుట్టిందిరా?" అంది అక్క.

"వెనక."

"వెనకంటే?"

"అక్కా, నీళ్లు పొయ్యవే!"

ఆమె నవ్వు ముందు బల్లల దగ్గర తింటున్న వాళ్లందరికీ వినిపించింది.

క్రిస్టాల్లా కుర్చీ లాక్కుని తొట్టి పక్కన కూర్చుంది. మర్యాదగా నా మొహం వైపే చూసింది.

"ఆ ఎర్రచేపలు..." అన్నాను. ఆ స్థితిలోనూ నా బాధ అదే.

"మా నాన్న ఫమగుస్తాలో వల వేసేవాడు. ఆయన చిన్నప్పుడు అవి లేవట. అవీ ఆ కాలువలోంచి వచ్చినవే బాబూ. నువ్వు పుట్టేసరికి పాతబడ్డాయి, అంతే. మేమూ అంతేగా. డెబ్బై నాలుగు యుద్ధంలో ఫమగుస్తాలో ఇల్లూ వాకిలీ వదిలి మీ ఊరొస్తే, ఉన్న నీళ్లన్నీ ఈ కాందిశీకులే తాగేస్తున్నారని తిట్టేవాళ్లు," అంది. కోపంగా కాదు, నిన్న వాన పడిందని చెప్పినట్టు.

తిట్టిన వాళ్లలో అందరికన్నా పెద్ద గొంతు ఎవరిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. "మా నాన్న కూడా తిట్టాడమ్మా," అన్నాను.

"తెలుసు లొయిజో. తర్వాత మీ ఇంటికి ఇరవయ్యేళ్లు ఉత్తరాలు తెచ్చింది నేనేగా. మొదట్లో మీ నాన్న తలుపు సందులోంచి తీసుకునేవాడు. పోనుపోను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవాడు. నువ్వేమో నా సైకిల్ గంట మోగించి పారిపోయేవాడివి."

రాతి సందులో చేప తోక చూసి పేరు చెప్పే నేను, ఇరవయ్యేళ్లు మా గుమ్మంలో నిలబడ్డ మనిషిని గుర్తుపట్టలేదు. నీళ్లు చల్లబడ్డాయని అక్కను కేకేశాను. చల్లబడలేదు. మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

అక్క ఇంకో కడవ పోసి, ముళ్లు కత్తిరించి వేయించిన సింహపు చేప తెచ్చి మధ్యలో పెట్టింది. ముగ్గురం నిమ్మకాయ పిండుకుని తిన్నాం. ఓర్ఫోస్ కన్నా బాగుంది. ఆ మాట పైకి అనలేదు. రెండోసారి ప్లేటు చాచాను.

చిన్న చేపల్ని మింగేస్తాయి కాబట్టి సింహపు చేపల్ని ఇప్పటికీ వేటాడుతూనే ఉన్నాను. కానీ ఆదివారాలు పడవ మీద మాట్లాడేది క్రిస్టాల్లా. నాలుగు నిమిషాల్లో ముగిస్తుంది. జనం చప్పట్లు కొడతారు. నాకు ఒక్కరోజూ కొట్టలేదు. నేను సిలిండర్లు మోస్తాను.