రంగు కింది గీత

కారు కడిగే పని ఆమెది. నడిపే పని మాత్రం నెల రోజులుగా ఆమెది కాదు.

నెల కిందట ఒక రోజు ఆమె రివర్స్ గేరు వేయగానే, వెనక ఏమీ లేకపోయినా కారు ఆగకుండా కూత పెట్టడం మొదలుపెట్టింది. "ఎక్కడో గుద్దేసి ఉంటావు, సెన్సరు పోయింది," అన్నాడు పక్కన కూర్చున్న భర్త. తానెక్కడా గుద్దలేదని ఆమె చెప్పింది. గుద్దినవాళ్ళు ఎవరైనా గుద్దామని ఒప్పుకుంటారా అన్నాడు. అంతే, తీర్పయిపోయింది. తాళం ఆయన చొక్కా జేబులోకి వెళ్ళింది. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా అదే ముచ్చట. మా ఆవిడ ఎక్కితే కారు భయపడి ఏడుస్తుందండీ అని ఆయన అంటాడు, వచ్చినవాళ్ళు నవ్వుతారు, నవ్వినవాళ్ళకి ఆమే టీ పెట్టి ఇస్తుంది. ఎనిమిదేళ్ళ కూతురు ఆ మాట నేర్చుకుని బళ్ళో కూడా చెప్పి వచ్చింది.

ఆమె రక్తపరీక్షల ల్యాబులో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఎవరికీ దొరకని నరం ఆమె వేలికి దొరుకుతుందని పేరు. ఊరి చివర కొత్తగా తెరుస్తున్న శాఖకి ఆమెనే ఇన్‌ఛార్జిగా వేస్తామన్నారు. పొద్దున ఆరింటికల్లా తలుపులు తీయాలి. ఆ వేళకి అటు బస్సు లేదు, కారుంటేనే కుదురుతుంది. సోమవారం శాఖ తెరుస్తున్నాం, ఆదివారం సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పమంది ల్యాబు మేడమ్. భర్తనడిగితే కారు బాగయ్యాక చూద్దాంలే అన్నాడు. పోనీ మెకానిక్‌కి చూపించండంటే తీరిక లేదన్నాడు. అడిగిన ప్రతిసారీ ఆ రెండు మాటలే. కారు బాగుపడదు, ఉద్యోగం తన కోసం ఆగదు.

ఆ ఆదివారం రానే వచ్చింది. భోజనాలయ్యాక ఆయన నిద్రపోయాడు. ఆమె అంట్లు తోమి, బకెట్టూ గుడ్డా పట్టుకుని, కొక్కేనికి వేలాడుతున్న చొక్కాలోంచి తాళం తీసింది. సొంత ఇంట్లో దొంగలా జేబులు వెతకాల్సి వచ్చిందని చెంపలు వేడెక్కాయి.

వెనక బంపరుకి నాలుగు సెన్సర్లు, కోటు గుండీలంతేసి. ముందు మట్టి కడిగి చూసింది. రివర్స్ వేస్తే కూత ఆగలేదు. నేలమీద పడుకుని బంపరు వెనక చెయ్యి పెట్టి తీగలన్నీ తడిమింది. ఏదీ ఊడలేదు, తెగలేదు. అప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, రివర్స్ గేరులో ఉంచి వెనక్కి వచ్చింది. ఒక్కో సెన్సరు మీదా వేలు ఆనించింది. మొదటిది నాడి కొట్టుకున్నట్టు సన్నగా టిక్కుటిక్కుమంటోంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోది మొద్దులా ఉంది. మళ్ళీ చూసింది. పదకొండేళ్ళు జనం చేతులమీద తిరిగిన వేలు అది, పొరబడదు.

తాళం వెనక్కి తిప్పి, ఆ నాలుగోదాన్ని వెనకనుంచి నొక్కి బయటికి తీసింది. దాని మొహమంతా రంగు, పాలమీద మీగడలా మందంగా. గోటితో గీకితే పెచ్చులా లేచింది. కింద ఒక గీత. గీతలో పసుపురంగు.

తాను కారులో తిరిగింది బడికి, బజారుకి, అత్తగారి కాలి పుండుకి కట్టు కట్టించడానికి ఆసుపత్రికి. ఎక్కడా పసుపురంగు లేదు. ఉన్నది భర్త ఆఫీసు కింద, కార్లు పెట్టేచోట స్తంభాలకి. ఈ గొడవ మొదలవడానికి ముందే, సర్వీసుకిచ్చానని ఆయన మూడు రోజులు కారు తేలేదు. తెచ్చాక బంపరు తళతళలాడింది. పాలిష్ పెట్టించానన్నాడు. వేయించింది పాలిష్ కాదు, గీత కనబడకుండా ఈ రంగు. చాలా బాగుందండీ అని తాను మెచ్చుకుంది కూడా. అది గుర్తొచ్చి ఒళ్ళంతా మండిపోయింది.

రంగంతా గీకి, తుడిచి, సెన్సరు మళ్ళీ బిగించింది. రివర్స్ వేసింది. చప్పుడు లేదు. వెనక బకెట్టు పెట్టి చూస్తే బుద్ధిగా కూసింది.

లోపల భర్త లేచి ఫోను చూసుకుంటున్నాడు. అత్తగారు చిక్కుళ్ళు ఒలుస్తోంది. సెన్సరు బాగైందని ఆమె చెబితే, ఎండకి ఆరి ఉంటుంది అన్నాడు తలెత్తకుండా.

"ఆఫీసు స్తంభానికి గుద్దింది మీరే కదా?"

ఆయన వేలు ఫోను మీద ఆగింది. "ఏదో కాస్త తగిలింది. దానికింత రాద్ధాంతమా?"

"మరి నెల రోజులు నన్నెందుకన్నారు?"

సరదాకన్నదాన్ని పట్టుకుని సాగదీస్తావేమిటన్నాడు. అప్పుడు అత్తగారు, చేతిలో పని ఆపకుండానే, కొడుకుని ఆదుకోవడానికి వచ్చింది.

"నాకు వాడు గుద్దిన రోజే చెప్పాడమ్మా. మగాడు నలుగురిలో చులకనవుతాడని నేనే ఊరుకున్నాను. పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నువ్వు పడ్డావు, నీకేం తరిగిపోయింది?"

ఆయన అబద్ధమాడాడు, సరే. ఈవిడ అంతా తెలిసి, వచ్చినవాళ్ళ మధ్య కూర్చుని ఆ నవ్వులో నవ్వు కలిపింది. తాను భుజం పట్టి కారెక్కించి దించిన మనిషి. పదకొండేళ్ళకి వచ్చిన అవకాశం చేజారబోతున్నా నోరు విప్పని మనిషి.

ఆమె అక్కడే నిలబడి ల్యాబు మేడమ్‌కి ఫోన్ చేసింది. "నాకు ఇష్టమే మేడమ్. రేపు ఆరింటికి నేనే తలుపులు తీస్తాను."

"మరి నేను ఆఫీసుకెలా వెళ్ళను?" అన్నాడు భర్త.

"మీ ఆఫీసుకి బస్సుంది."

ఇదేం మొండితనమే, నలుగురూ నిన్ను మంచిదనుకోవద్దా అంది అత్తగారు.

"ఇన్నాళ్ళూ పడి మంచిదాన్నయ్యాను, చాలత్తయ్యా. రేపటినుంచి చెడ్డదాన్నే అవుతాను."